లోన్ తీరిపోయింది, యూసీసీ ఫైలింగ్ మాత్రం ఇంకా ఓపెన్‌గానే ఉంది. స్టోర్ అమ్మకం ఆగిపోయింది, సలహా కావాలి

టెక్సాస్_రైతుబిడ్డ

అందరికీ నమస్కారం. డల్లాస్ దగ్గర మా ఇండియన్ గ్రాసరీ స్టోర్ అమ్ముతున్నాం. ధర కుదిరింది, లీజు మార్చడానికి ల్యాండ్‌లార్డ్ కూడా ఒప్పుకున్నాడు. ఇప్పుడు కొనేవాళ్ల అటార్నీ టెక్సాస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర మా ఎల్ఎల్‌సీ (స్టోర్ నడిపే మా కంపెనీ) పేరుతో లీన్ సెర్చ్ (ఆస్తి మీద ఎవరి హక్కులున్నాయో వెతకడం) చేయిస్తే మూడు యూసీసీ-1 ఫైలింగులు బయటపడ్డాయి. యూసీసీ అంటే యూనిఫాం కమర్షియల్ కోడ్ అనే ఇక్కడి వాణిజ్య చట్టం.

మొదటిది 2022లో వాక్-ఇన్ కూలర్‌కీ, డిస్‌ప్లే ఫ్రీజర్లకీ లోన్ ఇచ్చిన ఎక్విప్‌మెంట్ ఫైనాన్స్ కంపెనీది. ఆ లోన్ మొత్తం కట్టేశాం, 'పెయిడ్ ఇన్ ఫుల్' లెటర్ కూడా ఉంది. రెండోది కోవిడ్ టైంలో ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాల కోసం ఉన్న అమెరికా ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఈఐడీఎల్ అనే విపత్తు సహాయ లోన్. 2021 నాటిది, ఇంకా నెలనెలా కడుతున్నాం. మూడోదాంట్లో అప్పు ఇచ్చినవాళ్ల పేరే లేదు. ఏదో సర్వీస్ కంపెనీ పేరు, దాని పక్కన 'యాజ్ రిప్రజెంటేటివ్' అని మాత్రం ఉంది.

ఇవి క్లియర్ చేస్తే తప్ప క్లోజింగ్ లేదంటున్నారు. ఫైనాన్స్ కంపెనీకి ఫోన్ చేస్తే 'మీ అకౌంట్ క్లోజ్ అయిపోయింది కదా, ఇంకేం కావాలి' అంటున్నారు. ఎవరికైనా దీని మీద అనుభవం ఉందా? చాలా టెన్షన్‌గా ఉంది.

లోన్_డెస్క్_సుజాత

రైతుబిడ్డ గారూ, కంగారు పడకండి. నేను ఒహాయోలో ఒక కమ్యూనిటీ బ్యాంకులో లోన్ ఆపరేషన్స్ చూస్తాను. రోజూ నా టేబుల్ మీదకి వచ్చే పని ఇదే.

ముందు ఆ కాగితం ఏమిటో చెప్తాను. యూసీసీ-1 అంటే 'ఈ ఎల్ఎల్‌సీకి చెందిన ఫలానా ఆస్తి మీద నాకు హక్కు ఉండొచ్చు, ఎవరైనా దీని మీద అప్పిచ్చే ముందు, కొనే ముందు నన్ను అడగండి' అని లోకానికి తెలిసేలా పెట్టే నోటీసు. అందులో అప్పు ఎంతో ఉండదు, ఎంత తీరిందో ఉండదు. అప్పు పడ్డవాళ్ల పేరు, ఇచ్చినవాళ్ల పేరు, కొలేటరల్ (అప్పుకి హామీగా పెట్టిన ఆస్తి) వివరం, అంతే. అందుకే మీరు లోన్ కట్టేసినంత మాత్రాన అది దానంతట అది పోదు. ఇచ్చినవాళ్లు యూసీసీ-3 అనే ఫారంలో 'టర్మినేషన్' పెట్టాలి. వ్యాపార లోన్లలో చాలామంది అడిగితే తప్ప పెట్టరు, చట్టం కూడా వాళ్లకు ఆ వెసులుబాటు ఇచ్చింది.

మీరు చేయాల్సింది ఫోన్ కాదు, ఉత్తరం. సంతకం పెట్టిన డిమాండ్ పంపండి. లోన్ నంబరు, యూసీసీ-1 ఫైల్ నంబరు, ఫైల్ చేసిన తేదీ రాసి, పెయిడ్ ఇన్ ఫుల్ లెటర్ కాపీ జత చేయండి. యూసీసీలో ఈ ఫైలింగుల గురించిన భాగం ఆర్టికల్ 9. అందులో 513వ సెక్షన్ ప్రకారం ఆ డిమాండ్ అందిన 20 రోజుల్లో వాళ్లు టర్మినేషన్ ఫైల్ చేయాలి, లేదా మీకే పంపాలి. చేయకపోతే 625వ సెక్షన్ కింద 500 డాలర్లు, దాంతోపాటు మీకు నిజంగా జరిగిన నష్టం కూడా అడగొచ్చు. 500 చిన్న మొత్తమే. కానీ ఉత్తరంలో ఈ రెండు సెక్షన్ల నంబర్లు కనిపిస్తే ఫైల్ కస్టమర్ సర్వీస్ దాటి లీగల్ వాళ్ల దగ్గరికి వెళ్తుంది. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి.

కాన్సస్_కిరణ్

సుజాత గారూ, 20 రోజులు దాటినా పలకకపోతే? మనమే టర్మినేషన్ పెట్టేయొచ్చని ఎక్కడో చదివాను.

లోన్_డెస్క్_సుజాత

పెట్టొచ్చు. అప్పు తీరిపోయి, వాళ్లు పెట్టాల్సిన టర్మినేషన్ పెట్టకపోతే, 'డెటార్ (అప్పు తీసుకున్నవాళ్ల) అనుమతితో ఫైల్ చేస్తున్నాం' అని ఆ యూసీసీ-3లో చూపించి మీరే ఫైల్ చేసుకోవచ్చు. అటార్నీ చేత చేయించండి. అదే పని ఇంకా బాకీ ఉన్న లోన్ మీద చేస్తే, అంటే రైతుబిడ్డ గారి ఈఐడీఎల్ లాంటి దాని మీద చేస్తే, ఆ టర్మినేషన్ చెల్లదు, పైగా పెద్ద చిక్కులో పడతారు. ఆ ఆలోచన కూడా వద్దు.

ఈఐడీఎల్ సంగతి వేరు. 25,000 డాలర్లు దాటిన కోవిడ్ ఈఐడీఎల్ లోన్లకు ఎస్‌బీఏ వ్యాపార ఆస్తులన్నిటి మీదా యూసీసీ పెట్టింది. కూలర్లు, షెల్ఫులు, స్టాకు, రావాల్సిన డబ్బు, అన్నీ అందులో ఉంటాయి. రోజూ కౌంటర్ మీద బియ్యం బస్తా అమ్మితే దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. స్టోర్ మొత్తం అమ్మాలంటే మాత్రం ఎస్‌బీఏ ఒప్పుకోవాలి, లేదా వాళ్ల బాకీ తీర్చాలి. మామూలుగా క్లోజింగ్ అటార్నీ ఎస్‌బీఏ నుంచి పేఆఫ్ లెటర్ (బాకీ పూర్తిగా తీరడానికి ఎంత కట్టాలో చెప్పే లేఖ) తెప్పించి, మీకొచ్చే డబ్బులోంచి నేరుగా వాళ్లకు కట్టేస్తాడు. ఆ లెటర్ రావడానికి టైం పడుతుంది. ఈరోజే అడగండి.

స్టాఫింగ్_ప్రసాద్

మూడోదాని గురించి నేను చెప్తాను. 'యాజ్ రిప్రజెంటేటివ్' అని ఉంటే చాలాసార్లు అది మర్చంట్ క్యాష్ అడ్వాన్స్ అయి ఉంటుంది. అన్నా, ఎప్పుడైనా కార్డ్ మెషీన్ ద్వారా అడ్వాన్స్ తీసుకుని, రోజూ అమ్మకాల్లో కొంత శాతం కట్ చేయించుకున్నారా? వాళ్లు తమ పేరు బయటపెట్టకుండా ఫైలింగ్ సర్వీస్ పేరుతో పెట్టిస్తారు. ఆ ఫైలింగ్ కాపీ డౌన్‌లోడ్ చేసి ఫైల్ నంబరు ఇస్తే, అసలు ఎవరిదో ఆ సర్వీస్ కంపెనీయే చెప్తుంది.

మా ఐటీ స్టాఫింగ్ వ్యాపారంలో ఇది బాగా చూస్తాం. క్లయింట్లు 60 రోజులకు, 90 రోజులకు గానీ డబ్బివ్వరు. కన్సల్టెంట్లకు మాత్రం నెల తిరిగేసరికి జీతం పడాలి. అందుకని ఇన్‌వాయిస్‌లు ఫ్యాక్టరింగ్ కంపెనీకి (ఇన్‌వాయిస్‌లు తీసుకుని ముందే డబ్బిచ్చేవాళ్లు, వాళ్లనే ఫ్యాక్టర్ అంటాం) ఇస్తాం. వాళ్లు మన రిసీవబుల్స్ (క్లయింట్ల నుంచి రావాల్సిన డబ్బు) అన్నిటి మీదా యూసీసీ-1 పెడతారు. తర్వాత మంచి రేటుకి బ్యాంకు లైన్ ఆఫ్ క్రెడిట్ ఇస్తానన్నా, ఫ్యాక్టర్ ఫైలింగ్ ముందుంది కాబట్టి అది తీసేదాకా బ్యాంకు కదలదు. ముందు ఎవరు ఫైల్ చేస్తే వాళ్లదే ముందు వరస. ఇంకో సంగతి, ఫ్యాక్టర్ మన క్లయింటుకి 'ఇకనుంచి డబ్బు మాకు పంపండి' అని నోటీసు ఇస్తే క్లయింటు వాళ్లకే పంపాలి. మనకు పంపితే వాడి బాకీ తీరినట్టు కాదు. కొత్తగా కంపెనీ పెట్టే తమ్ముళ్లు సంతకం పెట్టే ముందే ఆ అగ్రిమెంట్‌లో బయటికి వచ్చే దారి ఎలా ఉందో చదవండి.

టెక్సాస్_రైతుబిడ్డ

ప్రసాద్ అన్నా, సరిగ్గా పట్టారు. కార్డ్ మెషీన్ వాళ్ల అడ్వాన్సే. అది కూడా తీరిపోయింది. ఇద్దరికీ సర్టిఫైడ్ మెయిల్ పంపిస్తున్నా. ఎస్‌బీఏ పేఆఫ్‌కి కూడా రిక్వెస్ట్ పెట్టాం.

న్యూజెర్సీ_లత

నాకో సందేహం. ఎవరైనా వెళ్లి ఎవరి పేరు మీదైనా ఇలా నోటీసు పెట్టేయొచ్చా? అప్పు తీసుకున్నవాళ్ల సంతకం కూడా అక్కర్లేదా?

కాన్సస్_కిరణ్

లత గారూ, 2001లో కొత్త ఆర్టికల్ 9 వచ్చినప్పటి నుంచీ ఫారం మీద సంతకం అక్కర్లేదు. అనుమతి మాత్రం ఉండాలి, అది మీరు సంతకం చేసిన సెక్యూరిటీ అగ్రిమెంట్‌లోనే (ఆస్తిని అప్పుకి హామీగా పెట్టే ఒప్పందం) వచ్చేస్తుంది. ఆఫీసువాళ్లు ఖాళీలు నిండాయా, ఫీజు కట్టారా అని చూస్తారు. లోపల రాసింది నిజమా కాదా అని విచారించరు. దీన్ని వాడుకుని జడ్జీల మీద, పోలీసు అధికారుల మీద కక్షతో దొంగ ఫైలింగులు పెట్టినవాళ్లు కూడా ఉన్నారు. అందుకే చాలా రాష్ట్రాలు వాటికి శిక్షలతో విడిగా చట్టాలు చేశాయి.

అందుకే నేననేది, మీ ఎల్ఎల్‌సీ పేరు, మీ సొంత పేరు మీరే అప్పుడప్పుడూ సెర్చ్ చేసి చూసుకోండి. చాలా రాష్ట్రాల్లో ఆన్‌లైన్‌లోనే చూడొచ్చు. అమ్మే రోజు వచ్చాక ఎదుటివాళ్ల లాయరు చెప్తే తెలుసుకోవడం కంటే అది నయం.

అట్లాంటా_పద్మ

కొనేవాళ్ల వైపు నుంచి నాదొక అనుభవం రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ఇక్కడ జార్జియాలో ఒక రెస్టారెంట్ కొన్నాం. తందూర్లు, ఫ్రయ్యర్లు, వాక్-ఇన్, పెద్ద ఎగ్జాస్ట్ హుడ్, అన్నీ కలిపి బేరం. అమ్మేవాళ్లు జార్జియా సెర్చ్ రిపోర్ట్ చూపించారు, క్లీన్‌గా ఉంది. మా అటార్నీ మాత్రం 'ఈ ఎల్ఎల్‌సీ ఎక్కడ పుట్టింది' అని అడిగారు. చూస్తే డెలావేర్‌లో రిజిస్టర్ అయింది, జార్జియాలో వ్యాపారం చేయడానికి పర్మిషన్ తీసుకున్నారంతే. డెలావేర్‌లో సెర్చ్ చేయిస్తే కిచెన్ సామాను మొత్తం మీద ఒక బ్యాంకు యూసీసీ ఉంది.

రెస్టారెంట్ ఎక్కడుందన్నది లెక్కలోకి రాదు. ఎల్ఎల్‌సీ ఏ రాష్ట్రంలో పుట్టిందో అక్కడే ఫైలింగ్ ఉంటుంది. సొంత పేరుతో వ్యాపారం చేసేవాళ్లకైతే వాళ్లు నివాసం ఉండే రాష్ట్రం. సామాను చేతులు మారినా ఆ బ్యాంకు హక్కు సామానుతోపాటే వస్తుంది. అది తెలియకుండా కొని ఉంటే, వాళ్ల అప్పుకి మా తందూర్లు తీసుకెళ్లేవారు.

ఇంకొకటి, ఆ హుడ్. బిల్డింగ్‌కి బిగించేసిన వస్తువుల మీద 'ఫిక్స్చర్ ఫైలింగ్' అని వేరే ఉంటుంది, అది కౌంటీ భూమి రికార్డుల్లో పెడతారు. గ్యాస్ స్టేషన్ కొనేవాళ్లు భూమిలో ఉన్న ట్యాంకుల గురించి అక్కడ కూడా తప్పకుండా చూడాలి. జార్జియాలో మామూలు యూసీసీ కూడా సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర ఉండదు. ఏ కౌంటీ సుపీరియర్ కోర్టు క్లర్క్ దగ్గరైనా ఫైల్ చేయొచ్చు, అన్నీ రాష్ట్రమంతటికీ కలిపిన ఒకే ఇండెక్స్‌లో చేరతాయి. లూసియానాలో కూడా పారిష్ (అక్కడ కౌంటీని అలా అంటారు) క్లర్క్ దగ్గరే.

న్యూజెర్సీ_లత

పద్మ గారూ, మరి కారు లోన్లు కూడా ఇలాగేనా?

అట్లాంటా_పద్మ

కాదండీ. వాహనాలకు టైటిల్ (యాజమాన్య పత్రం) మీదే లీన్ రాస్తారు. రెస్టారెంట్‌తోపాటు డెలివరీ వ్యాన్ కొంటే దాని టైటిల్ వేరుగా చూడాలి.

లెక్కల_మూర్తి

సొంత పేరుతో సెర్చ్ చేసుకోమని కిరణ్ గారన్నారు కదా, మన తెలుగువాళ్లకు అసలు సమస్య అక్కడే మొదలవుతుంది. నేను సీపీఏని, అంటే అకౌంటెంట్‌ని. ఒక క్లయింటు పేరు పాస్‌పోర్టులో ఒకలా, డ్రైవర్ లైసెన్సులో ఒకలా, లోన్ అప్లికేషన్‌లో ఇంకోలా ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. వెంకట సత్య అనే రెండు మాటలు ఒకచోట కలిసి, ఒకచోట విడిగా. ఇంకొందరికి మొత్తం పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్లిపోయి, మొదటి పేరు గడిలో 'ఎఫ్ఎన్‌యూ' (మొదటి పేరు తెలియదు) అని ఉంటుంది.

యూసీసీ-1లో మనిషి పేరుకి గడులు వేరువేరుగా ఉంటాయి. సర్‌నేమ్‌కి ఒకటి, మొదటి పేరుకి ఒకటి, మిగతా పేర్లకు ఒకటి. రికార్డు మొత్తం పేరు మీదే వెతుకుతారు కాబట్టి గడి మారితే ఫైలింగ్ దొరకదు. 2004లో కాన్సస్‌లో ఒక కేసు జరిగింది. రైతు అసలు పేరు టెరెన్స్, అందరూ పిలిచేది టెరీ. ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ వాళ్లు టెరీ అని ఫైల్ చేశారు. అసలు పేరుతో వెతికితే ఆ ఫైలింగ్ రాలేదు, అందుకని చెల్లదని తేల్చారు. ఇలాంటి గొడవల వల్లే 2010లో చట్టం సవరించారు, 2013 జూలై నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో గడువు దాటని డ్రైవర్ లైసెన్సు ఉంటే, దాని మీద పేరు ఎలా ఉందో అలాగే రాయాలి. తప్పుగా ఉన్నా సరే అలాగే.

కంపెనీలకైతే రాష్ట్రం దగ్గర రిజిస్టర్ అయిన పేరు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. బోర్డు మీద రాసుకున్న డీబీఏ పేరు ఒక్కటే రాస్తే సరిపోదు. ఫ్లోరిడాలో '1944 బీచ్ బులెవార్డ్' అనే ఎల్ఎల్‌సీ మీద బ్యాంకు ఫైల్ చేసినప్పుడు బులెవార్డ్ అన్న మాటను పొట్టిగా రాసింది. 2022లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ పేరును తప్పుదోవ పట్టించేదిగా తేల్చింది. లక్షల డాలర్ల లోన్ భద్రత ఒక్క మాట పొట్టిగా రాయడం వల్ల పోయింది.

బెజవాడ_బ్యాంకర్

ఇక్కడ విజయవాడ నుంచి చదువుతున్నాను. మీలో చాలామందికి హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో ఫ్లాట్ ఉంటుంది, దానికి హోమ్ లోన్ ఉంటుంది కాబట్టి రాస్తున్నా. మన దగ్గర ఇలాంటి రిజిస్ట్రీ సెర్సాయ్, ఆస్తుల మీద బ్యాంకుల హక్కులు నమోదు చేసే చోటు. సర్ఫేసీ చట్టం (బాకీ కట్టకపోతే బ్యాంకు తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే చట్టం) కింద 2011 మార్చి 31న మొదలైంది. ఒకే ఇంటి దస్తావేజులు చూపించి రెండు మూడు బ్యాంకుల్లో లోన్లు తీసుకున్న మోసాలే దీనికి కారణం. 2020 జనవరి నుంచి అందులో రిజిస్టర్ చేసిన బ్యాంకుకి మిగతావాళ్ల కంటే ముందు హక్కు ఉంటుంది. రిజిస్టర్ చేయకపోతే సర్ఫేసీ కింద ఆస్తిని స్వాధీనం చేసుకోలేదు కూడా. కంపెనీలకైతే దీనికి అదనంగా సీహెచ్‌జీ-1 ఫారంలో ఆర్ఓసీ (కంపెనీల రిజిస్ట్రార్) దగ్గర 30 రోజుల్లో చార్జ్ (ఆస్తి మీద అప్పిచ్చినవాళ్ల హక్కు) నమోదు చేయాలి. అప్పు తీరాక సీహెచ్‌జీ-4.

లోన్ తీరాక మీకు ఉపయోగపడేది ఆర్‌బీఐ 2023 సెప్టెంబరు ఆదేశం. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి, మొత్తం కట్టిన 30 రోజుల్లో ఒరిజినల్ దస్తావేజులు ఇచ్చేయాలి, ఏ రిజిస్ట్రీలో చార్జ్ ఉన్నా తీయించేయాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు మీకు ఇవ్వాలి. సుజాత గారు చెప్పిన 500 డాలర్ల కంటే ఇది గట్టిది, ఎందుకంటే రోజురోజుకీ పెరుగుతుంది. దస్తావేజులు చేతికొచ్చాయని వదిలేయకండి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి చూడండి, సెర్సాయ్‌లో చార్జ్ పోయిందో లేదో కూడా చూడండి. మీరు అమెరికాలో ఉండి నాన్నగారి చేత ఫ్లాట్ అమ్మించేటప్పుడు ఈ ఒక్క ఎంట్రీ కోసం ఆయన బ్రాంచి చుట్టూ తిరగాల్సి వస్తుంది.

స్టాఫింగ్_ప్రసాద్

బ్యాంకర్ గారూ, రోజుకి 5,000 సంగతి నాకు తెలియదు. మా బావగారికి ఇప్పుడే ఫార్వార్డ్ చేశా. ధన్యవాదాలు.

టెక్సాస్_రైతుబిడ్డ

అప్‌డేట్. ఎక్విప్‌మెంట్ కంపెనీ లీగల్ డిపార్ట్‌మెంట్ నుంచి ఈమెయిల్ వచ్చింది, టర్మినేషన్ ఫైల్ చేశామని కాపీ పంపారు. సంతోషంగా వెబ్‌సైట్‌లో చూస్తే ఆ పాత ఫైలింగ్ ఇంకా కనిపిస్తూనే ఉంది! ఇదేంటి?

లోన్_డెస్క్_సుజాత

కనిపిస్తుంది, అది మామూలే. ఆఫీసు రికార్డును చెరిపేయదు. యూసీసీ-1కి అయిదేళ్ల ఆయుష్షు, అది ముగిశాక కనీసం ఇంకో ఏడాది రికార్డు ఉంచాలి. దాని కింద మీ యూసీసీ-3 చేరి ఉంటుంది, హిస్టరీ తెరిచి చూడండి. కొనేవాళ్ల అటార్నీకి ఆ రెండూ కలిపి పంపితే చాలు.

కాపీలో ఒక్కటి చూడండి. యూసీసీ-3 పైభాగంలో మొదటి ఫైలింగ్ నంబరు ఉంటుంది. ఏ నోటీసు రద్దవుతోందో తేల్చేది ఆ నంబరే. అది మీ కూలర్ల ఫైలింగ్ నంబరుతో అంకెకి అంకె సరిపోవాలి. ఇది చిన్న విషయం అనుకోకండి. 2008లో జనరల్ మోటార్స్ దాదాపు 30 కోట్ల డాలర్ల లీజు ఫైనాన్సింగ్ ఒకటి తీర్చింది. దాని టర్మినేషన్ కాగితాలు తయారుచేసేటప్పుడు వాటిలో సంబంధం లేని ఇంకో ఫైలింగ్ నంబరు కూడా చేరిపోయింది. అది 150 కోట్ల డాలర్ల వేరే లోన్‌ది. రెండు వైపులా లాయర్లు చూశారు, అప్పిచ్చిన బ్యాంకు జేపీ మోర్గాన్ చూసింది, ఎవరికీ కనపడలేదు. 2009లో కంపెనీ దివాలాకు వెళ్లాక బయటపడింది. ఆ ఫైలింగ్‌ను రద్దు చేయాలని మేం అనుకోలేదని బ్యాంకు ఎంత వాదించినా, కాగితం పెట్టడానికి మీరే ఒప్పుకున్నారు కాబట్టి రద్దు చెల్లుతుందని 2015లో అప్పీల్ కోర్టు చెప్పింది. అందుకే మా బ్యాంకులో యూసీసీ-3 బయటికి వెళ్లే ముందు ఒకరు నంబరు పైకి చదువుతారు, ఇంకొకరు పాత ఫైలింగ్‌లో చూసి టిక్ పెడతారు.

కాన్సస్_కిరణ్

రైతుబిడ్డ గారూ, ఇంకో మాట. ఫైలింగుల రికార్డు అందరికీ తెరిచి ఉంటుంది కాబట్టి, మీకు కొన్నాళ్లకు ప్రభుత్వ లేఖలా కనిపించే ఉత్తరాలు వస్తాయి, 'మీ యూసీసీ స్టేట్‌మెంట్ కాపీకి ఇంత కట్టండి' అని. అవి ప్రైవేటు కంపెనీలవి. వాటి గురించి రాష్ట్రాలే హెచ్చరికలు పెట్టాయి. కట్టకండి.

టెక్సాస్_రైతుబిడ్డ

నంబరు సరిపోయింది సుజాత గారూ. కార్డ్ మెషీన్ వాళ్లది కూడా వచ్చేసింది. ఎస్‌బీఏ పేఆఫ్ లెటర్ అటార్నీ చేతికి వచ్చింది.

ఇప్పుడు కొత్త విషయం. కొనేవాళ్లకు బ్యాంకు లోన్ అనుకున్నంత రాలేదు. మిగతాది నన్ను సెల్లర్ నోట్‌గా (కొనేవాళ్లు నాకు బాకీ ఉన్నట్టు రాసిచ్చే పత్రం) పెట్టుకోమంటున్నారు, నెలనెలా కడతారట. కుర్రాళ్లు మంచివాళ్లు, మన నెల్లూరు వైపు వాళ్లే. మరి నేను కూడా యూసీసీ-1 పెట్టాలా? అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటంగా ఉంది.

లోన్_డెస్క్_సుజాత

తప్పకుండా పెట్టండి, మొహమాటం అక్కర్లేదు. రేపు వాళ్లకే ఏదైనా ఇబ్బంది వచ్చి దివాలాకు వెళ్తే, ఫైలింగ్ లేని మీరు సాదా అప్పులవాళ్ల వరసలో చివర నిలబడతారు. ఇవి గుర్తుంచుకోండి.

ముందు వాళ్ల ఎల్ఎల్‌సీతో సెక్యూరిటీ అగ్రిమెంట్ మీద సంతకం ఉండాలి. అందులో 'ఆస్తులన్నీ' అని గంపగుత్తగా రాస్తే చెల్లదు. కూలర్లు, ఫ్రీజర్లు, షెల్వింగ్, స్టాకు అని రకాలవారీగా రాయించండి. యూసీసీ-1లో మాత్రం 'ఆస్తులన్నీ' అని రాయొచ్చు, అగ్రిమెంట్‌లో అన్నీ వస్తేనే.

సామాను ధరలోనే బాకీ ఉంచుతున్నారు కాబట్టి, సామాను వాళ్ల చేతికి వెళ్లిన 20 రోజుల్లోపు ఫైల్ చేస్తే ఎక్విప్‌మెంట్ వరకు వాళ్ల పాత అప్పులవాళ్ల కంటే మీరే ముందుంటారు. స్టాకుకి ఆ 20 రోజుల సౌలభ్యం లేదు. అప్పగించే ముందే ఫైల్ చేసి, వాళ్ల పేరు మీద అప్పటికే ఫైల్ చేసి ఉన్నవాళ్లకు నోటీసు కూడా పంపాలి. వాళ్లకు లోన్ ఇస్తున్న బ్యాంకు 'మీ హక్కు మా తర్వాతే' అని మీ చేత సంతకం అడుగుతుంది. అది మీ అటార్నీ చదవకుండా పెట్టొద్దు.

నోట్ ఎన్నేళ్లు?

టెక్సాస్_రైతుబిడ్డ

ఏడేళ్లు.

లోన్_డెస్క్_సుజాత

అయితే మీ యూసీసీ-1 నోట్ కంటే ముందే ముగుస్తుంది. అయిదేళ్లు నిండే ముందు ఆఖరి ఆరు నెలల్లో యూసీసీ-3తో 'కంటిన్యుయేషన్' పెట్టాలి. ఆ ఆరు నెలల కంటే ఒక్కరోజు ముందు పెట్టినా చెల్లదు, గడువు దాటితే మీ ముందు వరస పోతుంది. ఫోన్ క్యాలెండర్‌లో పెట్టండి, అమ్మాయికో అబ్బాయికో కూడా చెప్పి ఉంచండి. మధ్యలో వాళ్లు ఎల్ఎల్‌సీ పేరు మారిస్తే, కొత్త పేరుతో వెతికినప్పుడు మీ ఫైలింగ్ దొరకకపోతే, నాలుగు నెలల్లో సవరణ పెట్టాలి. లేకపోతే ఆ తర్వాత వాళ్లు కొనే కొత్త సామాను మీద మీకు రక్షణ ఉండదు. పేరు మారిస్తే వెంటనే మీకు చెప్పాలని అగ్రిమెంట్‌లో ఒక లైను రాయించుకోండి.

లెక్కల_మూర్తి

వాళ్ల ఎల్ఎల్‌సీ పేరు వాట్సాప్‌లో పంపింది చూసి రాయకండి. రాష్ట్రం ఇచ్చిన సర్టిఫికెట్ ఆఫ్ ఫార్మేషన్ కాపీ అడిగి, కామా, చుక్కలతో సహా అందులో ఉన్నట్టే రాయండి.

టెక్సాస్_రైతుబిడ్డ

కాపీ అడిగాను, రేపు పంపుతామన్నారు. నోట్ సంగతి కూడా చెప్పాను, వాళ్లు ఏమీ అనుకోలేదు, వాళ్ల అటార్నీయే డ్రాఫ్ట్ పంపిస్తానన్నాడు. ఫైల్ చేశాక వాళ్ల పేరుతో నేనే ఒకసారి సెర్చ్ చేసి చూస్తాను.

లోన్_డెస్క్_సుజాత

చూసి, ఆ సెర్చ్ పేజీ తేదీతో సహా ప్రింట్ తీసి నోట్ ఒరిజినల్‌తోపాటు పెట్టండి. ఆ పేజీలో మీ ఫైలింగ్ రాకపోతే ఆరోజే సవరణ పెట్టండి, 20 రోజుల లెక్క నడుస్తూనే ఉంటుంది.